నిప్పులేని ఇంజను, నురగ రాని కాఫీ

"పొద్దున అయిదున్నరకి మా కాఫీ మెషిను పులి, సాయంత్రం ఏడున్నరకి పిల్లి. మెషిను అదే, పాలు అవే, చెయ్యీ నాదే. ఎందుకిలా మాస్టారూ?"

ఢిల్లీ శివార్లలో ఓ బిల్డర్ ఫ్లోరు మూడో అంతస్తులో ఉంటున్న పాఠకురాలొకరు మే నెల చివర్లో రాసిన ఉత్తరం ఇది. ముప్ఫయ్యేళ్లుగా ఇత్తడి ఫిల్టరుతో కాఫీ పెట్టిన ఇల్లు. కొడుకు మొదటి జీతంతో ఎస్ప్రెస్సో మెషిను కొనిపెట్టాడు. డికాక్షను విషయంలో ఆవిడకి ఫిర్యాదేమీ లేదు. తంటా అంతా పక్కనున్న ఆవిరి గొట్టంతోనే. పొద్దున పాలగిన్నెలో ముంచితే కొత్త చీర చించిన చప్పుడుతో పాలు సుడి తిరుగుతాయి, నురగ పట్టులా వస్తుంది. సాయంత్రం అదే గొట్టం గుడగుడమంటుంది, నీళ్లు కక్కుతుంది, పాలు పల్చబడి పైన సబ్బు బుడగల్లాంటివి నాలుగు తేలతాయి.

ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. అతను వంటింటి గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్టు వంక ఒక్క చూపు చూసి "లోడ్ నహీ లేగా మేడమ్" అన్నాడట. మీటరు బోర్డు నుంచి నేరుగా లావు తీగ, అంటే 4 చదరపు మిల్లీమీటర్లది లాగి, 16 ఆంపియర్ల పాయింటు, 20 ఆంపియర్ల ఎంసీబీ పెట్టిస్తే ఆవిరి రైలింజనులా వస్తుందన్నాడట. గోడ చీల్చాలి, మళ్లీ పూత పూయాలి, రంగు వెయ్యాలి. "చీల్చమంటారా?" అన్న ప్రశ్నతో ఉత్తరం ముగిసింది.

ఈ నెలకి వేరే వ్యాసం రాసి పెట్టుకున్నాను. దాన్ని పక్కన పడేశాను. ఎలక్ట్రీషియను నోటి నుంచి అనుకోకుండా జారిన 'రైలింజను' మాటలోనే ఈ ప్రశ్నకి జవాబుంది మరి.

ముందు స్కూలు పాఠం, ఒక్క పేరాలో. వోల్టేజి తోస్తుంది, నిరోధం అడ్డుకుంటుంది, ఆ రెండింటి పంచాయితీలో తేలే తీర్పు కరెంటు. కాఫీ మెషిను హీటరులో ఉన్నది నిరోధం దాదాపు మారని తీగ. తనకెంత కరెంటు కావాలో ఆ తీగే తేలుస్తుంది, గోడలోని సాకెట్టు కాదు. 6, 16, 20 అని మనం చెప్పుకునే ఆంపియర్లు వైరింగు ఓర్పుకి కొలతలు. 16 ఆంపియర్ల పాయింటు అంటే 16 ఆంపియర్లు వచ్చి పడతాయని అర్థం కాదు, అన్ని వచ్చినా తట్టుకుంటుందని. విస్తరి పెద్దదైనంత మాత్రాన ఆకలి పెరగదు.

ఆవిడ మెషిను అడుగున అంటించిన రేకు ఫొటో తెప్పించుకున్నాను. 220–240 వోల్టులు, 1134–1350 వాట్లు అని ఉంది. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో 1350 ఒక్కటే వేశారు. అది 240 వోల్టుల దగ్గర లెక్క. మన దేశంలో ఇళ్లకి ప్రకటించిన వోల్టేజి 230, అక్కడ అదే హీటరు ఇచ్చేది 1,240. అంటే పెట్టె విప్పకముందే నూట పది వాట్లు పోయాయి. మోసం అనను గానీ, లౌక్యం అంటాను.

చిన్న ప్లగ్ వోల్టుమీటరు ఒకటి కొని సాకెట్లో పెట్టి రెండు పూటలా చూడమన్నాను. పొద్దున 232. సాయంత్రం, వీధిలో అన్ని ఇళ్లలోనూ ఏసీలు నడుస్తున్నప్పుడు, 196.

ఇక్కడ వర్గం అనే గుణకం పని మొదలవుతుంది. నిరోధం మారకపోతే హీటరు ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి తగ్గితే తోపు తగ్గుతుంది, తోపు తగ్గితే కరెంటూ తగ్గుతుంది, రెండు తగ్గుదళ్లూ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. 232 దగ్గర ఈ హీటరు 1,261 వాట్లు, 196 దగ్గర సరిగ్గా 900. వోల్టేజి ఆరో వంతు కూడా తగ్గలేదు, వేడి మాత్రం నాలుగో వంతు కంటే ఎక్కువే పోయింది. ఆవిడ కొన్న 1350 వాట్ల మెషిను సాయంత్రం పూట 900 వాట్ల మెషిను. మూడింట ఒక వంతు మాయం.

ఇప్పుడు ఆ 6 ఆంపియర్ల సాకెట్టు సంగతి చూడండి. పొద్దున దానిలోంచి వెళ్లే కరెంటు 5.4 ఆంపియర్లు. సాయంత్రం 4.6. ఆవిరి రాని పూటే సాకెట్టు సుఖంగా ఉంది! ఎలక్ట్రీషియను అనుమానించిన నిందితుడు నేరం జరిగిన సమయంలో నిద్రపోతున్నాడు.

లావు తీగ లాగితే ఎంత కలిసొస్తుందో కూడా చూద్దాం, అతనికీ న్యాయం చెయ్యాలి కదా. బోర్డు నుంచి వంటింటికి పదిహేను మీటర్లు, పోనూ రానూ ముప్ఫై. ఇప్పుడున్న 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం అంత దూరానికి 0.36 ఓములు. 4.6 ఆంపియర్లకి దానిలో పడిపోయేది ఒకటీ ముప్పావు వోల్టుల కంటే తక్కువ. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ముప్పావు వోల్టు కూడా పడిపోదు. మిగిలేది ఒక్క వోల్టు. ఆ ఒక్క వోల్టుకి వచ్చే అదనపు వేడి పది వాట్లు. ఒక రాత్రి దీపం పాటి ఆవిరి కోసం గోడ చీల్చాలన్నమాట.

మరి ముప్ఫయ్యారు వోల్టులు ఎక్కడికి పోయాయి? వీధిలోకి. 2024 జూన్ 19న ఢిల్లీ నగరం వాడకం 8,656 మెగావాట్లకి చేరి రికార్డు సృష్టించింది. అది పట్టపగలు నగరం మొత్తానికి తేలిన అంకె. ఇళ్లున్న వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మీద అసలు మోత అందరూ ఇల్లు చేరి ఏసీ రిమోట్ నొక్కాకే. ఇక్కడో చిత్రం ఉంది, చెప్పకుండా ఉండలేను. హీటరు సాధు జంతువు. వోల్టేజి తగ్గితే తనూ తగ్గి, తక్కువ కరెంటుతో సరిపెట్టుకుంటుంది. ఇన్వర్టర్ ఏసీ అలా కాదు. దాని లోపలి ఎలక్ట్రానిక్సుకి కావలసిన వాట్లు కావలసిందే. వోల్టేజి తగ్గితే కరెంటు ఎక్కువ లాగి లోటు పూడ్చుకుంటుంది. కరెంటు ఎక్కువ లాగితే వీధి తీగలో వోల్టేజి ఇంకా పడుతుంది. అప్పుడు పక్కింటి ఏసీ ఇంకాస్త లాగుతుంది. ఆ లాగుడులో ఓడేది మంచితనంగా ఉన్న కాఫీ హీటరు. మూడో అంతస్తావిడ పాల నురగ రెండో అంతస్తు పడకగదిలో చల్లగాలిగా మారిపోతోంది.

ఇక్కడితో ఆపేస్తే ఉత్తరానికి జవాబు అయిపోయినట్టే. నాకు మాత్రం అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది. 900 వాట్లు అంత తక్కువేమీ కాదు, చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు దానికంటే తక్కువతోనే అన్నం వండుతుంది. ఒక కప్పు పాలకి అది ఎందుకు చాలదు? ఆవిరికి ఇంత ఆకలెందుకు?

దీనికి 1760ల్లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. అక్కడ పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ అనే యువకుడి దగ్గరికి న్యూకొమెన్ ఆవిరి యంత్రం నమూనా ఒకటి మరమ్మతుకి వచ్చింది. దాన్ని నడిపి చూస్తే, సిలిండరులో కాసింత ఆవిరిని చల్లార్చడానికి పోసిన నీళ్లు అతననుకున్నదానికంటే ఎంతో ఎక్కువ వేడెక్కిపోతున్నాయి. చిన్నప్పుడు కెటిల్ మూత ఎగరడం చూసి ఆవిరి యంత్రం కనిపెట్టాడని మన పాఠ్యపుస్తకాల్లో ఓ కథ ఉండేది, అది కట్టుకథ. కెటిల్‌తో అతను నిజంగా చేసిన ప్రయోగం మాత్రం వేరే ఉంది, ఎవరూ చెప్పరు. కెటిల్ ముక్కుకి వంపు తిరిగిన గాజు గొట్టం తగిలించి, రెండో కొసని చన్నీళ్లలో ముంచి, ఆ నీళ్లు మరిగేదాకా ఆవిరి పంపాడు. తర్వాత చూస్తే నీళ్లు ఆరో వంతు పెరిగాయి. అంటే ఒక పాలు ఆవిరి, తన బరువుకి ఆరు రెట్లున్న చన్నీళ్లని మరిగించింది.

ఇది మన ఆవిడ చేసే పని కాదూ? గొట్టం, ఆవిరి, చల్లని ద్రవం. జేమ్స్ వాట్ పాలు పొయ్యలేదు, అంతే తేడా.

వాట్ బిత్తరపోయి ఈ సంగతి అదే విశ్వవిద్యాలయంలో ఉన్న జోసెఫ్ బ్లాక్‌కి చెప్పాడు. బ్లాక్ ఆశ్చర్యపోలేదు. అప్పటికి కొన్నేళ్ల కిందటే ఆయన దీన్ని కనిపెట్టాడు, పేరు కూడా పెట్టాడు. మనం గుప్తోష్ణం అంటాం. అంతకుముందు పండితులు ఏమనుకునేవారంటే, నీళ్లు మరిగే వేడికి చేరాక ఇంకొంచెం వేడి తగిలితే చాలు, అంతా ఆవిరైపోతుందని. బ్లాక్ వేసిన ప్రశ్న ముద్దొస్తుంది: అదే నిజమైతే పొయ్యి మీద గిన్నెలో నీళ్లు మరిగిన క్షణాన మందుగుండులా పేలిపోవాలి కదా? పేలవు. గంటసేపు మరుగుతూనే ఉంటాయి, పొయ్యి వేడిని తాగుతూనే ఉంటాయి, థర్మామీటరు మాత్రం అంగుళం కదలదు. తాగిన వేడంతా ఆవిరిలో దాక్కుంటుంది.

ఎంత దాక్కుంటుంది? గ్రాము నీటిని సున్నా నుంచి నూరు డిగ్రీలకి తేవడానికి 420 జౌళ్లు చాలు. అదే గ్రాముని అదే నూరు డిగ్రీల దగ్గర ఆవిరి చెయ్యడానికి 2,257. అయిదు రెట్ల పైమాటే. ఆవిరి పాలల్లో మళ్లీ నీరైనప్పుడు ఈ అప్పు మొత్తం పాలకి చెల్లిస్తుంది. ఆవిరితో పాలు అరనిమిషంలో పొగలు కక్కడానికీ, ఆవిరి చేతికి తగిలితే మరిగే నీళ్లకంటే ఘోరంగా కాలడానికీ కారణం ఒకటే.

లెక్క వేద్దాం. ఫ్రిజ్‌లోంచి తీసిన 200 గ్రాముల పాలని 5 డిగ్రీల నుంచి 62 డిగ్రీలకి తేవాలంటే సుమారు 44.5 కిలోజౌళ్లు కావాలి. ఒక గ్రాము ఆవిరి, నీరై, ఆ నీరు కూడా చల్లారేసరికి దాదాపు 2.4 కిలోజౌళ్లు ఇస్తుంది. అంటే పద్దెనిమిది పందొమ్మిది గ్రాముల ఆవిరి. పాల బరువులో పదో వంతు. వాట్‌కి ఆరో వంతు పట్టింది, ఎందుకంటే అతను మరిగేదాకా ఆగలేదు. మనం 62 దగ్గర ఆపుతున్నాం.

వంటింటి త్రాసు ఉంటే ఈ ప్రయోగం ఎవరైనా చెయ్యొచ్చు. ఆవిడ చేత చేయించాను. పాలగిన్నెని ఆవిరి పట్టకముందు, పట్టాక తూచడమే. పొద్దున 42 సెకన్లలో పెరిగింది 21 గ్రాములు. సాయంత్రం 64 సెకన్లు పట్టింది, పెరిగింది 29 గ్రాములు. సాయంత్రం ఆవిరి తక్కువ కదా, బరువు ఎక్కువ పెరగడమేమిటి? పెరిగిన బరువంతా ఆవిరి కాదు గనక. ఆవిడ మెషినులో బాయిలరు లేదు, థర్మోబ్లాక్ ఉంది. వేడెక్కిన లోహపు దిమ్మలో సన్నని దారి, ఆ దారిలోకి పంపు కొంచెం కొంచెంగా నీళ్లు తోస్తుంది, పోతూ పోతూ అవి ఆవిరవుతాయి. పంపు తన లెక్కన నీళ్లు తోస్తూనే ఉంది. హీటరుకి వాటన్నిటినీ ఆవిరి చేసే సత్తువ లేదు. మిగిలిన నీళ్లు నీళ్లుగానే గొట్టంలోంచి ఉమ్మేస్తోంది. ఆ ఎనిమిది గ్రాములే ఆవిడ పాలని పల్చన చేసినవి.

ఇప్పుడు రైలింజను.

ఢిల్లీలో చాణక్యపురిలో జాతీయ రైలు మ్యూజియం ఉంది. పిల్లలు బొమ్మ రైలెక్కడానికి వెళతారు, పెద్దలు మహారాజుల సెలూన్లు చూడ్డానికి. వాటి మధ్య ఎవరూ పెద్దగా ఆగని ఒక ఇంజను ఉంది. చూడ్డానికి చక్రాల మీద పడుకోబెట్టిన నీళ్ల ట్యాంకులా ఉంటుంది. మామూలు ఆవిరి ఇంజనుకుండే పొగగొట్టం ఉండదు, బొగ్గు ఉండదు, కొలిమి ఉండదు. ఒకప్పుడు సింద్రీ ఎరువుల కర్మాగారంలో పనిచేసినది. నిప్పులేని ఆవిరి ఇంజను. నిప్పురవ్వ పడితే కొంప మునిగే కర్మాగారాల కోసం ఇలాంటివి చేసేవారు.

నిప్పు లేకుండా ఆవిరెలా? ఫ్యాక్టరీలో ఒక మూల పెద్ద బాయిలరు ఉంటుంది. ఇంజను దాని పక్కకొచ్చి, తన ట్యాంకులోని నీళ్లని బాగా పీడనంలో, నూరు డిగ్రీలకి ఎంతో పైదాకా వేడెక్కించుకుంటుంది. తర్వాత గొట్టం ఊడదీసి బయల్దేరుతుంది. డ్రైవరు వాల్వు తెరవగానే కాస్త ఆవిరి సిలిండర్లలోకి పోతుంది, ట్యాంకులో పీడనం కాస్త తగ్గుతుంది. పీడనం తగ్గితే నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. కానీ నీళ్లు ఇంకా పాత వేడిలోనే ఉన్నాయి. అంటే ఉండవలసినదానికంటే ఎక్కువ వేడిగా ఉన్నాయి. ఇంకేం, కింద మంట లేకుండానే తమంతట తామే మరుగుతాయి. తమ వేడినే ఖర్చుపెట్టుకుని ఆవిరవుతాయి, ఆ మేరకు చల్లబడతాయి. మళ్లీ కాస్త ఆవిరి పోతుంది, మళ్లీ మరుగుతాయి. ఒకసారి నింపుకున్న వేడితో గంటల తరబడి వ్యాగన్లు లాగేది.

బాయిలరున్న కాఫీ మెషిను, ఆవిరి వాల్వు తెరిచిన ఆ అరనిమిషంపాటు, ఈ ఇంజనే. లోపల లీటరు నీళ్లు 125 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. పీడనం ముల్లు 1.3 బార్ చూపిస్తుంటుంది. ఆ నీళ్లు 115 డిగ్రీలకి పడేలోపు విడిచే వేడి 42 కిలోజౌళ్లు. అది పందొమ్మిది గ్రాముల ఆవిరి. మనకి ఒక కప్పుకి కావలసింది ఎంత? అదే! అంటే, ప్లగ్గు పీకేసి, హీటరు అసలు లేకుండా కూడా ఒక కప్పు పాలకి నురగ పట్టొచ్చు. ముల్లు 0.7 దగ్గరికి దిగుతుంది, అంతకంటే ఏమీ కాదు. ఆ తర్వాత ప్లగ్గు పెడితే పోయిన వేడిని తిరిగి నింపడానికి 1,261 వాట్లకి 33 సెకన్లు, 900 వాట్లకి 47. వీధిలో ఏసీలన్నీ ఏకమై చేయగలిగిన నష్టం, రెండో కప్పుకి పద్నాలుగు సెకన్ల ఆలస్యం.

ఢిల్లీలో పెళ్ళికి వెళ్లినవాళ్లందరూ ఈ సూత్రాన్ని చలికాలపు రాత్రుల్లో తాగే ఉన్నారు. పందిట్లో ఓ మూల మెరిసే గుమ్మటం లాంటి బాయిలరు, దాని పక్కనొకాయన, ముందు బారులు తీరిన జనం. జగ్గులో పాలు, ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చక్కెర వేసి గొట్టం కింద పెట్టి బుస్సుమనిపించి, పైన చాక్లెట్ పొడి చల్లి ఇస్తాడు. దాన్ని 'ఎస్ప్రెస్సో' అంటారు. కాఫీ పండితులు ముక్కు చిట్లిస్తారు. నేను చిట్లించను. అతను జనం రాకముందే వచ్చి అన్ని లీటర్ల నీళ్లని వేడెక్కించి కూచుంటాడు. జనం వచ్చాక ఇచ్చేదంతా ముందే దాచిన వేడి. మన ఇళ్లలో మోటారు, మేడ మీద ట్యాంకు ఉన్నట్టే. మోటారు చిన్నదైనా ట్యాంకు పెద్దదైతే స్నానాల వేళ ఎవరికీ ఇబ్బంది రాదు. థర్మోబ్లాక్ మెషిను అంటే ట్యాంకు లేకుండా మోటారు కిందే తల పెట్టడం. కరెంటు ఎలా ఉంటే నీళ్లు అలా.

ట్యాంకు అంటే నీళ్లే కానక్కర్లేదు. మూడు వందల మిల్లీలీటర్ల చిన్న బాయిలరు కూడా, రెండు కిలోల ఇత్తడితో పోసినదైతే, పదిహేను డిగ్రీలు దిగేలోపు ఒక్క లోహమే పదకొండు కిలోజౌళ్లు ఇస్తుంది. పాత మెషిన్లు రుబ్బురోలంత బరువుండటం ఆడంబరం కాదు.

ఇంకో చిన్న వింత, గొట్టం కొసన ఉండే చిల్లు. బాయిలరులో పీడనం 0.75 బార్ దాటి ఉన్నంతసేపు, ఆ చిల్లులోంచి ఆవిరి ధ్వని వేగంతో బయటికొస్తుంది. అక్షరాలా. అంతకుమించి వేగం ఆ చిల్లులో సాధ్యం కాదు. కాబట్టి ఎంత ఆవిరి పోతుందన్నది చిల్లు వైశాల్యం, లోపలి పీడనం, ఈ రెండే తేలుస్తాయి. 1.3 బార్ దగ్గర మిల్లీమీటరు చిల్లు ఒకటి సెకనుకి సుమారు పావు గ్రాము వదులుతుంది. నాలుగు చిల్లులున్న కొస అయితే గ్రాము. సెకనుకి గ్రాము ఆవిరి తయారవ్వాలంటే 2,200 వాట్లు కావాలి. హోటలు మెషిను చూసి మోజుపడి ఇంటి మెషినుకి నాలుగు చిల్లుల కొస తెప్పించి బిగించేవాళ్లున్నారు. మొదటి పది సెకన్లు గర్జిస్తుంది, తర్వాత పీడనం కూలబడి పాలు నిద్రపోతాయి. 900 వాట్ల సాయంత్రాలకి ఒక చిల్లు, మహా అయితే రెండు. నురగకి కావలసింది సుడి, సుడికి కావలసింది వడి. తక్కువ ఆవిరైనా వడిగా రావాలి.

ఇక తప్పుదోవ పట్టించినవాళ్ల సంగతి. మొదటి వరసలో ఎస్ప్రెస్సో కనిపెట్టినవాళ్లే ఉన్నారు. 1901లో మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా పేటెంటు తీసుకున్న యంత్రం ఆవిరి పీడనంతోనే కాఫీపొడిలోంచి నీళ్లని తోసింది. ఫలితం మాడు వాసన. 1948 నాటికి అకీలె గాజ్జా మీటతో నడిచే పిస్టను తెచ్చాకే ఆవిరికి కాఫీతో పీడ విరగడై, పాల డ్యూటీ ఒక్కటే మిగిలింది.

రెండో వరసలో అమెరికా సలహాలు. అక్కడ వంటింటి వోల్టేజి 120. మామూలు సర్క్యూటు 15 ఆంపియర్లు. గుణిస్తే 1,800 వాట్లు, ఎడతెగకుండా వాడుకోదగ్గది అందులో 80 శాతం, 1,440. అక్కడ రెండు బాయిలర్ల మెషిను కొంటే రెండు హీటర్లూ ఒకేసారి వెలగడానికి ఆ సర్క్యూటు ఒప్పదు. అందుకే కొన్నిటిలో ఒకదాని తర్వాత ఒకటి వేడెక్కేలా పెట్టి, 20 ఆంపియర్ల పాయింటు ఉంటే రెండూ కలిపి నడిపే మీట ఇస్తారు. అక్కడ సర్క్యూటు పెంచితే ఆవిరి నిజంగానే పెరుగుతుంది. మన 16 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల దగ్గర 3,680 వాట్లు మోస్తుంది. అమెరికా వాడి కష్టం మనకి పుట్టుకతోనే లేదు. లేని జబ్బుకి వాళ్ల మందు తెచ్చి మింగుతున్నాం.

ఆ మందులో విషం కూడా ఉంది. 'ఎంసీబీ పెద్దది వేస్తే పవరు ఎక్కువొస్తుంది' అన్న నమ్మకం. ఎంసీబీ కాపాడేది మెషిన్ని కాదు, గోడలోని తీగని. లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. కరెంటు ఎక్కువైతే వేడెక్కి వంగి మీట పడేస్తుంది. అదీ తొందరపడదు. 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్లని గంటసేపు ఓర్చుకుంటుంది, 23 దాటితేనే గంటలోపు పడాలని ప్రమాణం. అంత సహనం ఉన్నదాన్ని పీకి, సన్నతీగకి 32 ఆంపియర్లది బిగిస్తే ఆ తర్వాత వంగేది పట్టీ కాదు, తీగ మీది ప్లాస్టిక్కు.

ఎన్సీఆర్ అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లకి సర్క్యూటు పరిమితి ఇంకో రూపంలో ఎదురవుతుంది. కరెంటు పోయి డీజిల్ జనరేటరు మీదికి మారాక ఇంటికి ఒకటో రెండో కిలోవాట్లే ఇస్తారు. దాటితే మీటరు కట్టేస్తుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, పైన కాఫీ మెషిను అంటే ఇల్లంతా చీకటి. జనరేటరు పూట ఫిల్టరు కాఫీ తాగండి.

చివరికి ఆవిడకి ఏం చెప్పానంటే: గోడ జోలికి పోకండి. మెషిను ఆపి ఉన్నప్పుడు ఎన్ని వోల్టులున్నాయి, ఆవిరి పడుతున్నప్పుడు ఎన్నున్నాయి, రెండూ చూడండి. రెంటి మధ్య తేడా రెండు మూడు వోల్టులైతే దోషం వీధిది. పది వోల్టులు పడితే మీ ఇంటి వైరింగుదో, వదులైన సాకెట్టుదో. ప్లగ్గు పిన్ను పట్టుకోలేనంత వేడెక్కినా, సాకెట్టు మీద గోధుమరంగు మచ్చ కనిపించినా ఆ సాకెట్టు ఆ రోజే మార్పించండి. అర ఓము వదులు చాలు, 6 ఆంపియర్లకి అక్కడే 18 వాట్ల పొయ్యి వెలుగుతుంది.

ఆవిడ చూశారు. తేడా రెండు వోల్టులు. వీధిదే.

వీధి వోల్టేజికి చట్టం లేకపోలేదు. ఇళ్లకిచ్చే వోల్టేజి 230కి ఆరు శాతానికి మించి అటూ ఇటూ కాకూడదు. అంటే 216కి కిందికి రాకూడదు. 196 అన్నది ఫిర్యాదు చెయ్యదగ్గ అంకె. వారం రోజులు వోల్టుమీటరు ఫొటోలు తీసి, తేదీ, వేళ రాసి కరెంటు కంపెనీకి పంపమన్నాను.

ఫిర్యాదు తేలేలోపు స్టెబిలైజరు పెట్టుకోవచ్చా అని అడిగారు. పెట్టుకోవచ్చు, అప్పుడో తమాషా జరుగుతుంది. అది 196ని 225కి ఎత్తితే హీటరు దాదాపు 1,190 వాట్లకి చేరుతుంది, ఆ వాట్లన్నీ మాత్రం 196 వోల్టుల గోడలోంచే రావాలి. అంటే గోడలోంచి 6 ఆంపియర్లు దాటి లాగుతుంది. అప్పుడు 16 ఆంపియర్ల పాయింటు నిజంగానే కావాలి! ఎలక్ట్రీషియను చెప్పిన పని సరైనదే అవుతుంది, చెప్పిన కారణమే తప్పు. పైగా మెషిను కూడా ఏసీల్లాగే వీధిని లాగే గుంపులో చేరిపోతుంది.

ఆవిడ ఆ రెండూ చెయ్యలేదు. పాలు 200 నుంచి 120 గ్రాములకి తగ్గించారు, సాయంత్రం కాఫీని ఆరింటికి జరిపారు. ఆ వేళకి వోల్టేజి 214 ఉంటోందట. "వీధి కంటే ముందు తాగేస్తున్నాం" అన్నారు ఫోనులో.

ఆ ఇంజను చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: రైలు మ్యూజియానికి సోమవారం సెలవు.